పాత పేర్లను చదివిపెట్టే చేతులు

ఇంగ్లండులో తమ పూర్వీకుల కోసం వెతికేవారికి ముందుగా దారి చూపేది ఊరి చర్చి రిజిస్టరు. బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు ప్రతి పారిష్‌లోనూ, అంటే ప్రతి చర్చి పరిధిలోనూ, రాసిపెట్టాలని 1538లో రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశించాడు. అలా కూలివాడి పేరూ భూస్వామి పేరూ ఒకే పుస్తకంలోకి ఎక్కాయి. 1837 జులై 1 నుంచి జనన, వివాహ, మరణాల నమోదును ప్రభుత్వం చేపట్టింది.

ఆ పాత రిజిస్టర్ల పుటలు చదవడం తేలిక కాదు. వెలిసిన సిరా, అలవాటులేని పాత లిపి, మధ్యమధ్య లాటిన్, రాసేవాడి చెవికి వినబడినట్టల్లా మారిపోయే ఇంటిపేర్లు. జనగణన పత్రాల్లోనూ చిక్కులున్నాయి: 1841 జనగణనలో పదిహేనేళ్లు దాటినవారి వయసును చాలాచోట్ల ఐదేళ్ల లెక్కకు తగ్గించి రాశారు. అది తెలియకపోతే పుట్టిన సంవత్సరం దగ్గరే దారి తప్పుతాం. అందుకే మంచి పరిశోధకులు ఒక్క కాగితాన్నే నమ్ముకోరు. పెళ్లి రిజిస్టరులోని తండ్రి పేరును జనగణనతో, వీలునామాతో సరిచూస్తారు.

ఈ విద్యలో నన్ను ఎక్కువగా కదిలించేది ఉమ్మడి శ్రమ. 1998లో మొదలైన ఫ్రీబీఎండీ అనే వెబ్‌సైటు కోసం స్వచ్ఛంద సేవకులు కోట్లాది జనన, వివాహ, మరణ నమోదులను టైపు చేసి, అందరూ ఉచితంగా వెతుక్కునేలా పెట్టారు. తమకు ఏమీకాని మనిషి పేరును కూడా ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం వారి నియమం. ఆ నిజాయితీ వల్లే ఎక్కడో ఆస్ట్రేలియాలో ఉన్న మునిమనవరాలు తన ముత్తాత జననం ఏ జిల్లాలో నమోదైందో తెలుసుకోగలుగుతోంది. పేరు కోరని ఈ పనివాళ్లకు చేతులెత్తి నమస్కరించాలి.