వీధి నుండి కళాక్షేత్రమునకు: స్థానిక ప్రదర్శనకళల వసతిని గూర్చి ఒక పరిశీలనము

మన పట్టణములలో నిర్మింపబడుచున్న కళాభవనములకు 'కళాక్షేత్రము' అను పేరు రూఢమైనది. క్షేత్రశబ్దమునకు పొలమనియు, పుణ్యస్థలమనియు రెండర్థములు ప్రసిద్ధములు. పేరు పెట్టినవారు రెండవ యర్థమునే మనస్సున నుంచుకొనిరని తోచును. నాకు మొదటిదే యుచితముగా కనబడుచున్నది. పొలమునకు వెల కట్టువాడు దానియందేమి పండునని యడుగును. కళాక్షేత్రములను గూర్చి పత్రికలలో వచ్చు వర్ణనలు మాత్రము ఆసనముల సంఖ్యతో మొదలై నిర్మాణవ్యయముతో ముగియుచుండును. స్థానిక కళాకారులకును ప్రదర్శనబృందములకును ఆశ్రయమిచ్చుటయే తన పని యని చెప్పుకొను భవనమును విమర్శకుడు పరిశీలింపదలచినచో, అది తనలోనికి వచ్చిన కళారూపమును ఏమి చేయుచున్నదో చూడవలెను. ఈ వ్యాసమునకు విషయమదియే.

తెలుగు ప్రదర్శనకళలలో కొన్నింటికి పేరులోనే చోటు కలదు. వీధినాటకము, వీధిభాగవతము అనునవి యిందుకు నిదర్శనములు. దశరూపకములలోని 'వీథి' వేఱు, అది రూపకభేదము. ఈ రెంటిని కలగలిపి వ్రాసిన సమాధానపత్రములు ఉపాధ్యాయులకు క్రొత్తవి కావు. అయినను ఆ రెండర్థములును ఒక్కచోట కలిసికొనిన గ్రంథము మనకొకటి కలదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము లక్షణముచేత వీథి; దాని కథ నడచినది ఓరుగంటి వీధులలో. మంచనశర్మయు టిట్టిభసెట్టియు నగరమున తిరుగుచు పల్నాటివీరుల కథాగానమును వినిరి. మైలారుభటుల సాహసకృత్యములను చూచిరి. జక్కుల పురంధ్రి పాటను వినిరి. గ్రంథకర్తృత్వమును గూర్చిన వివాదమెట్లున్నను, మనకిక్కడ కావలసిన యంశము స్పష్టము. ఆ ప్రదర్శనలు వారికి దారిలో ఎదురైనవి. నడచువాడు నిలిచినచో ప్రేక్షకుడగును. కదలినచో మరల బాటసారి యగును.

ఆ ఓరుగంటికి పొరుగున, హనుమకొండలో, కాళోజీ నారాయణరావు పేర కళాక్షేత్రమొకటి నేడు కలదు. ఆయన శతజయంతి సంవత్సరమైన 2014లో శంకుస్థాపన జరిగి, 2024 నవంబరులో అది ప్రారంభమైనది. జనవ్యవహారమునందలి పలుకుబడియే నిజమైన భాష యని జీవితాంతము వాదించిన కవి పేరు ఆ భవనమునకు పెట్టుట సముచితమే. (ఆ మాటను నేనీ గ్రాంథికమున వ్రాయుచుండుట ఆయనకు నచ్చెడిది కాదు.) క్రీడాభిరామమునాటి వీధికిని ఈ భవనమునకును నడుమ గడచిన యైదారు శతాబ్దములలో, ప్రదర్శనకు చోటు ఎట్లు మాఱినదో స్థూలముగానైన గుర్తింపవలసియున్నది.

శాస్త్రమున ఈ విచారము మిక్కిలి ప్రాచీనము. భరతుడు నాట్యశాస్త్రమున ద్వితీయాధ్యాయమును నాట్యమండపమునకే కేటాయించెను. వికృష్టము, చతురస్రము, త్ర్యస్రము అని ఆకృతిచేత మూడు విధములు. జ్యేష్ఠము, మధ్యమము, కనిష్ఠము అని పరిమాణముచేత మూడు విధములు. వీనికి వరుసగా 108, 64, 32 హస్తములు కొలత. మనుష్యులకు 64 హస్తముల పొడవు, 32 హస్తముల వెడల్పు గల మండపము తగినదని ఆయన నిర్ణయము. హస్తమును అడుగున్నరగా గణించినచో ఇది 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. ఇందు సగము ప్రేక్షకులది. అనగా సూటిగా కొలిచినచో చివరివాడు రంగమునకు 48 అడుగుల దూరమున నుండును. మండపమింతకంటె పెద్దదైనచో పలికిన మాట విస్వరమగుననియు, ముఖమునందలి భావము కానరాదనియు ఆయన కారణము చెప్పెను. మండపము కొండగుహ వలె నుండవలెననియు, గాలి మందముగా ఆడవలెననియు చెప్పుటలోను స్వరగాంభీర్యమే ఉద్దేశము. పెద్ద మండపమును కట్టుట భరతునికి తెలియనిది కాదు. దానిని దేవతలకు విడిచిపెట్టెను. ధ్వనివర్ధకము వచ్చినది గనుక ఈ నిషేధము చెల్లదని నేటివారు చెప్పుదురు. ధ్వనివర్ధకము మాటను దూరమునకు చేర్చును, నిజమే. కనుబొమను చేర్చలేదు.

ఆధునిక తెలుగునాటకము అరువు తెచ్చుకొనిన చోట పుట్టినది. 1880లో ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమున ఆడి వెళ్ళిన పాకలోనే కందుకూరి వీరేశలింగము తన విద్యార్థులచేత నాటకమాడించెను. 1885లో కడపమండలమందలి సురభి గ్రామమున కీచకవధతో ప్రారంభమైన సురభివారు తమ రంగశాలను తామే బండ్లమీద వేసికొని ఊరూర తిరిగిరి. 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు కన్యాశుల్కమును ప్రదర్శించిరి. శాశ్వతభవనముల యుగము రవీంద్రుని శతజయంతితో, అనగా 1961తో, ఊపందుకొనినదని చెప్పవచ్చును. ఆ సందర్భమున పలు రాష్ట్రముల రాజధానులలో రవీంద్రుని పేర నాట్యశాలలు వెలసినవి. హైదరాబాదులోని రవీంద్రభారతిని ఆ యేడు మేనెలలో అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణ ప్రారంభించెను. ఆ తరువాత జిల్లాకేంద్రములలో వెలసిన భవనములలో పెక్కు ఆ నమూనానే అనుసరించినవి: ఎత్తైన వేదిక, దాని ముందు చట్రము, చట్రమునకు తెర, ఎదుట ఒకేవైపునకు తిరిగిన కుర్చీల వరుసలు.

ఈ నమూనా ఏ కళారూపమునకు పుట్టినదో ఆ రూపము దానియందు సుఖముగా నుండును. పద్యనాటకమట్టిది. హార్మోనియము ప్రక్కను, నటుడు ముందును, రాగము తెగునంతవఱకు ఊపిరి బిగబట్టిన సభ ఎదుటను ఉండవలెను; చట్రము ఇవన్నియు నిచ్చును. సురభివారి మాయాబజారునకైనను చట్రము లేనిదే మాయ లేదు. బుఱ్ఱకథయు ఇబ్బంది పడదు. కథకుడును ఇరుప్రక్కల వంతలును సభకు అభిముఖముగానే నిలుతురు. షేక్ నాజరు చేతిలో ఆ కళ పెద్దసభలను ముందే గెలిచినది.

కూచిపూడివారి భామాకలాపమునకు వచ్చుసరికి చిక్కు మొదలగును. ఇద్దరు మనుష్యులు చేతులతో పట్టుకొను తెర అది. దానిమీదుగా సత్యభామ తన జడను వేయుట సభకు విసరిన సవాలు. నన్ను మించినవారెవరైన నున్నచో ముందుకు రండని దాని భావము. ఆ సవాలు నందుకొనువాడు పది యడుగుల దూరమున, అదే నేలమీద, కూర్చుండియుండవలెను. వేదిక ఎత్తై, సభ చీకటియై, ప్రేక్షకుడు కనబడనివాడైనప్పుడు జడ వేయుట అలంకారముగా మిగిలిపోవును. సూత్రధారుడు భామకు మాధవియై, కృష్ణునకు మాధవుడై, నడుమ సభతో మాటలాడుచు నడపు సంభాషణమునకును ఇదే గతి.

తోలుబొమ్మలాట విషయమున నష్టము మఱింత లోతైనది. ఒక పట్టణమునందలి కళాభవనమున నేను చూచిన ప్రదర్శనము ఇక్కడ చెప్పదగును. బృందమునకు ముప్పది నిమిషముల వ్యవధి యిచ్చిరి. గణపతి ప్రార్థన ముగిసి, కేతిగాడును బంగారక్కయు తెరమీదికి వచ్చి వాదమునకు దిగునంతలో కాలము ముగిసినదని గంట మ్రోగినది. రామాయణము ఆరంభమే కాలేదు. తెర వెనుక నుండి బృందపు పెద్ద ఇవతలికి వచ్చి చేతులు జోడించి నిలిచెను. సభ మర్యాదగా చప్పట్లు కొట్టినది. తరువాత నిర్వాహకుడొకడు "ప్రాచీన కళను మీకు పరిచయము చేసితిమి" అని ప్రకటించెను. పరిచయమైనది బొమ్మ, ఆట కాదు. రాత్రి తెల్లవార్లు ఆడు కథకు కాలము ఒక యవయవము. బాలురు నిద్రించి మరల లేచునప్పటికి లంక కాలుచుండవలెను. దీనికి తోడు కేతిగాని హాస్యమంతయు ఎదుటి ఊరినుండి పుట్టునది. ఆ ఊరిలో వాన పడకపోయిన సంగతియో, పెద్దమనుష్యుని పిసినారితనమో వానికి సామగ్రి. ఎవరు కూర్చుండిరో తెలియని సభలో వాడు పాతమాటలే మాటలాడెను, నవ్వినవారు తక్కువ.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి భవనములను విడిచి వీధికే పోవలెనని నా మతముగా నెంచరాదు. వీధిని మనము ఊరక కీర్తింపరాదు. వీధి యెవరిది? దేవాలయమునకు ఎదురుగానున్న మండపము యెవరిది? తెలంగాణమున చిందు భాగవతులు మాదిగలకు ఆశ్రితులై, జాంబపురాణమును కథలుగా ఆడి పాడుచు, ఆ వాడలనే రంగస్థలముగా చేసికొనిరి. దేవాలయప్రవేశమే లేని కాలమున వారికి ఊరినడుమ మండపమెక్కడిది? ప్రజాధనముతో కట్టిన భవనపు ద్వారమున కులమునడుగువాడు లేడు. అంతకుముందు ఆట చూడవచ్చిన స్త్రీ తెల్లవారుజామున ఒంటరిగా ఇల్లు చేరవలసి యుండెను. వానకు తడియని పైకప్పు చిన్నవిషయము కాదు. కావున వీధి యిచ్చిన సాన్నిధ్యమును భవనము పోగొట్టినది. భవనము ఇచ్చిన సమత్వమును వీధి ఏనాడును ఈయలేదు. ఈ రెంటిలో ఒకటే కావలెనన్నచో, నేను సంకోచించియైనను భవనమునే కోరుదును. రెండును కలిసి దొరకకపోవుటకు మాత్రము కారణము కానరాదు.

పొరుగువారి అనుభవము ఈ విశ్వాసమునకు ఆధారము. కేరళ కలామండలము తన ఆవరణలో కూడియాట్టమునకు తగిన కూత్తంబలమును కట్టించుకొనినది. అచట భవనము కళారూపమును అనుసరించినది. కర్ణాటకమందలి హెగ్గోడు అను చిన్నగ్రామమున 1949లో స్థాపితమైన నీనాసం, ఊరివారే నటులును ప్రేక్షకులును నిర్వాహకులునైన సంస్థ. దానిని నడపిన కె. వి. సుబ్బణ్ణకు 1991లో మెగసెసే పురస్కారము లభించినది. మన హైదరాబాదులోను 2010లో ఒక నివాసగృహమే లామకాన్ అను పేర కళాకేంద్రమైనది. అందలి ఆరుబయలు వేదిక యెదుట కూర్చుండినవానికి నటుని ముఖము స్పష్టముగా కనబడును. ప్రదర్శనమైన పిదప ఇద్దరును ఒకేచోట తేనీరు త్రాగవచ్చును. పరిమాణమున అది భరతుని మధ్యమమండపమునకంటె పెద్దది కాదనియే నా యూహ.

జిల్లాకేంద్రముల కళాక్షేత్రములకు ఇట్టి మార్పు అసాధ్యము కాదు. పెద్దశాల నాటకములకును సభలకును ఉండనిండు. దాని ప్రక్కను, వాహనములు నిలుపుటకు వదలిన స్థలములో కొంత తీసికొని, నలువది యడుగుల చదునైన నేలను, మూడువైపుల కూర్చుండుటకు మెట్లను, పైన కప్పును ఏర్పఱచినచో చాలును. అక్కడ కాగడా వెలిగింప అనుమతి యుండవలెను. తోలుబొమ్మల తెరను రాత్రి పదిగంటలకు కట్టి, ఉదయమున విప్పుకొనవచ్చునని నిర్వాహకుడు వ్రాతపూర్వకముగా ఒప్పుకొనవలెను. ప్రదర్శనల పట్టికను వేయు సంఘమున చిందువారును, ఒగ్గువారును, బొమ్మలాటవారును సభ్యులై యుండవలెను. లేనిచో ముప్పది నిమిషముల లెక్క మరల వచ్చును. పరిశోధకవిద్యార్థులు తమ జిల్లాలోని భవనమునకు పోయి, చివరివరుస నుండి వేదికకు గల దూరమును కొలిచి, గత సంవత్సరపు ప్రదర్శనల పట్టికను అడిగి తీసికొని, అందు ఏ బృందమునకు ఎన్ని గంటల కాలము లభించినదో లెక్కకట్టినచో, ఈ వ్యాసమున నేను ఊహించి వ్రాసినవానిలో ఏవి నిలుచునో తెలియగలదు.