పునీతుల ముందురాత్రి

అక్టోబరు నెలాఖరు వచ్చేసరికి తార్నాక, ఉస్మానియా క్యాంపస్ కుర్రకారు ఫోన్లలో పుర్రెలూ గుమ్మడికాయలూ తిరగడం మొదలుపెడతాయి. “దయ్యాల పండగ మనకెందుకురా?” అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. కతోలిక కుటుంబాల్లో ఈ మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. తమాషా ఏమిటంటే, హాలోవీన్‌కు తేదీ ఇచ్చింది కతోలిక శ్రీసభ క్యాలెండరే. నవంబరు 1 సకల పునీతుల మహోత్సవం. అక్టోబరు 31 దానికి జాగరణ రాత్రి.

8వ శతాబ్దంలో మూడో గ్రెగొరీ పోపు రోములోని పునీత పేతురు దేవాలయంలో పునీతులందరి పేరిట ఒక ప్రార్థనాలయాన్ని ప్రతిష్ఠించాడు; పండుగ తేదీని ఆ ప్రతిష్ఠతోనే ముడిపెడతారు. వెయ్యో సంవత్సరం అటూ ఇటూగా ఒడిలో అనే క్లూనీ మఠాధిపతి నవంబరు 2ను మృతుల కోసం ప్రార్థించే దినంగా తన మఠాల్లో నెలకొల్పాడు. గుమ్మడికాయ చేరింది చాలా ఆలస్యంగా. ఐర్లండులో టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టేవారు. అమెరికా వెళ్లాక వాళ్లకు గుమ్మడికాయ దొరికింది, అంతే. 1955లో 12వ పియుస్ పోపు ఆ జాగరణను పూజాక్రమం నుంచి తీసేశాక, రాత్రంతా బజారుదే అయింది.

దాన్ని వెనక్కి తెచ్చుకునే ప్రయత్నాల్లో ఒకటి 2002లో పారిస్‌లో మొదలైన ‘హోలీవిన్స్’. పిల్లలు దయ్యాలకు బదులు పునీతుల వేషాలు వేస్తారు. చప్పగా ఉంటుందేమో అనుకోనక్కర్లేదు. పళ్లెంలో తన కళ్లు పట్టుకున్న లూసీ, తెగిన తల చేత్తో మోసే డెనిస్, ఒలిచిన తన చర్మాన్ని పట్టుకున్న బర్తొలొమయి: ఏ హారర్ సినిమా వీళ్లముందు నిలుస్తుంది? వేషానికి కిరీటం, అంగీ చాలవు; ఆ పునీతుడి గుర్తు చేతిలో ఉండాలి, అడిగినవాళ్లకు ఆయన కథ చెప్పగలగాలి. పేతురుకు తాళాలు, సెబాస్టియన్‌కు బాణాలు, అలెగ్జాండ్రియా కత్తెరీనమ్మకు చక్రం. హాస్టల్ గదిలో అట్టముక్కలతో కూడా చేసుకోవచ్చు.

అసలు బలం మాత్రం నవంబరు 2దే. తెలుగునాట దాని పేరు సమాధుల పండుగ. ముందుగానే గడ్డి పీకి, సమాధులకు సున్నం వేస్తారు. ఆ రోజు బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫాదర్‌గారు పవిత్ర జలం చల్లుతారు. చనిపోయినవారి పేర్లు కాగితం మీద రాసి బలిపూజకు ఇస్తారు. చనిపోయాక ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలాన్ని ఒప్పుకోని సీఎస్ఐ, లూథరన్ కుటుంబాలు కూడా పూలు పట్టుకుని శ్మశానవాటికకు వస్తాయి. వాదం ఎటు ఉన్నా, అమ్మ సమాధి దగ్గరికి వెళ్లకుండా ఉండలేరు కదా! దయ్యాల వేషాల్లో లేనిదిదే: ఇక్కడ చావుకు ఒక పేరు, ఒక చుట్టరికం ఉంటాయి.

నవంబరు 1 నుంచి 8 వరకు సమాధుల తోటకు వెళ్లి మృతుల కోసం ప్రార్థిస్తే, పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం వంటి నియమాలు పాటిస్తే, ఆ పరిహార ఫలం వారి ఆత్మలకు చేరుతుందని శ్రీసభ బోధ. సొంతవాళ్ల సమాధి దగ్గరికే వెళ్లాలని లేదు. ఊరు వెళ్లలేని క్యాంపస్ విద్యార్థులకు తార్నాక నుంచి నారాయణగూడ, భోయిగూడ శ్మశానవాటికలు దూరమేమీ కాదు. 31 రాత్రి వేషం వేసినవాళ్లు ఆ వారంలో ఒక పూట అక్కడికీ వెళ్లి రండి.