కులం గడి

ఈ వారం ఒక పాస్టరుగారు ఫోన్ చేసి, "పాత రిజిస్టర్లన్నీ లామినేషన్ చేయించేద్దామండీ" అన్నారు. లామినేషన్ మీద నా కక్ష ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. వేడికి కాగితాన్ని పట్టుకున్న ప్లాస్టిక్‌ని ఊడదీయడం బ్రహ్మతరం కూడా కాదు. బతిమాలి ఆపించాను.

చర్చిల్లో పాత బాప్తిస్మపు రిజిస్టర్లు ఎత్తిరాయడం కొన్నాళ్లుగా నా వ్యాపకం. జీతం లేదు, టీ ఇస్తారు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, కిటికీ వెలుగులో ఫొటో తీసి, పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, వయసు కంప్యూటర్లో ఎక్కించడం. వయసు దగ్గర ఎప్పుడూ "సుమారు". ఇనప సిరా ఒత్తుగా పడ్డచోట కాగితాన్ని తినేసి, అక్షరం ఆకారంలోనే చిల్లి పెడుతుంది. అలాంటి చిల్లుల మధ్యే మా ముత్తాత దొరికాడు. 1876-78 కరువు ముగిసిన ఏడే బాప్తిస్మం. తండ్రిది పోలేరమ్మ మొక్కు పేరు.

ఒంగోలు వైపు వాళ్లకు ఎత్తిపొడుపు ఒకటి తెలుసు: గంజి కోసం మతం పుచ్చుకున్నారని. ఆ కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ మాట పడకూడదనే ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ముంచినవాళ్లు తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. వీళ్లందరికంటే ముందు, 1866లోనే బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారం చేసిన మాదిగ. అంతకుముందే యోగం చెప్పే గురువుల చుట్టూ తిరిగినవాడు. మావాళ్లు ఏ నమ్మకమూ లేని చోటినుంచి రాలేదు. అయితే పాత నమ్మకం రాయడానికి రిజిస్టర్లో గడి లేదు. ముత్తాత గంజి కోసం వచ్చాడా, దేవుడి కోసమా? రెండింటికీ వచ్చుంటాడు. ఆకలితో ఉన్నవాడికి భక్తి ఉండకూడదని ఎవరన్నారు?

ఏ పాత కాగితమైనా నెట్లో పెట్టేయండని ఇన్నాళ్లూ మీ చెవులు తినేశాను. ఇదీ పెట్టేద్దామనే కూర్చున్నాను. కులం గడి దగ్గర చెయ్యి ఆగింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన దగ్గర బీసీ-సి. తాత బాప్తిస్మం పేజీ పట్టుకెళ్లి మనవడి ఎస్సీ సర్టిఫికెట్ మీద అర్జీ పెట్టేవాళ్లకు మన ఊళ్లలో కొదవ లేదు. ఆ పని నా ఉచితసేవతో తేలిక కావడం నాకిష్టం లేదు.

అందుకని ఎత్తిరాయడమైతే అన్నీ ఎత్తిరాద్దాం. ఇంటివాళ్లు వచ్చి అడిగితే వాళ్ల పేజీ ఇద్దాం. మిగతాది బీరువాలో, తాళం వేసి. నెట్లో వద్దు.