వలయంలో లేని పాట

బతుకమ్మ పాటల వస్తువు గురించి, బాణీ గురించి మన విమర్శ చాలానే చెప్పింది. ఆట గురించి చెప్పింది తక్కువ. తెలుగు ఎం.ఏ. చదివి పాఠాలు చెబుతున్న నేనూ ఈ లోపానికి అతీతుణ్ణి కాను.

తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మ చుట్టూ స్త్రీలు వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు. వేదిక లేదు, ప్రేక్షకులు లేరు. అడుగు తెలియని పిల్ల వలయంలోనే నేర్చుకుంటుంది. ఈ సమష్టితత్వమే ఆ రూపానికి సారం. సాయుధ పోరాట కాలంలో ఉయ్యాల బాణీ పోరాట పాటకు ఒదగడానికి ఇదీ ఒక కారణం.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఆ గుర్తింపు న్యాయమైనదే. కాని పటాన్‌చెరు కాలనీల్లో నేను చూస్తున్నది వేరు. పాడేది స్పీకరు, స్త్రీలు అడుగులు మాత్రం వేస్తారు. ఎత్తుకునే గొంతే లేకపోతే కొత్త చరణం ఎవరు కడతారు? షిఫ్టు దిగి వచ్చిన కార్మికురాలి బతుకు పాటలోకి ఎలా వస్తుంది? పువ్వులు చివరికి చేరవలసింది నీటికే. పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగును ఏం చేశాయో ఆడేవారందరికీ తెలుసు; రికార్డుకు తెలియదు.

పాత పల్లె కోసం కన్నీరు పెట్టడం విమర్శ కాదు. స్పీకరు ఆపి, ఒక్క చరణం సొంతంగా కట్టమని అడగడం మన పని.