ఉబుంటులో అధికారము: గుణదోషములు

లినక్సు యంత్రములో సర్వాధికారము 'రూట్' అను ఖాతాది. దాని సంఖ్య 0. ఫైళ్ళపై విధించిన అనుమతులు దానిని అడ్డగింపజాలవు. ఆ ఖాతానుండి ఒక్క తప్పు ఆజ్ఞ వెలువడినను వ్యవస్థ యంతయు చెడవచ్చును. అందుచే 2004లో మొదట వెలువడిన ఉబుంటు, రూట్ ఖాతాలో నేరుగా ప్రవేశించు వీలును తీసివేసి, 1980 ప్రాంతమున పుట్టిన 'సుడో' అను సాధనమును ఆశ్రయించినది. ఇందు అధికారము అవసరమైనపుడు మాత్రమే లభించును. ఎవరు ఏ ఆజ్ఞ నిచ్చిరో నమోదగును. ఈ రెండును మెచ్చదగిన గుణములే.

అయితే లోపమొకటి కలదు. ఉబుంటును స్థాపించునపుడు ఏర్పడు మొదటి ఖాతాయే నిర్వాహక ఖాతా యగును. పాఠశాలలో ఉపాధ్యాయుడును, విద్యార్థులును ఆ ఒక్క ఖాతానే వాడుకొన్నచో, పాస్‌వర్డు తెలిసిన ప్రతివాడును నిర్వాహకుడే. తాళముచెవి అందరిచేత నున్నపుడు తాళమెందులకు? నమోదులో కనిపించునది ఒక్క పేరే, చేసినదెవరో తేలదు. పైన చెప్పిన రెండు గుణములును అచట వ్యర్థములగును.

పరిహారము సులభము. సెట్టింగులలోని యూజర్ల విభాగమున విద్యార్థులకు సామాన్య ఖాతాలు తెరచి, నిర్వాహక ఖాతా పాస్‌వర్డును ఉపాధ్యాయుడు తనయొద్దనే యుంచుకొనవలెను. వ్రాతకు, లెక్కలకు, ఇంటర్నెట్టుకు సామాన్య ఖాతా చాలును. ఈ రెండవ ఖాతాను స్థాపన సమయముననే అడిగి చేయించినచో, ఉబుంటు ఏర్పాటు నిర్దుష్టమునకు మరింత చేరువగును.