మోగ్లీ అడవిలో మనవాళ్లు

పిల్లలకు చదివి వినిపించడానికి మీకు బాగా నచ్చిన పుస్తకం ఏదని ఏజెన్సీ ఉపాధ్యాయులు నలుగురు కూర్చున్నచోట అడిగి చూడండి. కొన్ని పేర్లు తప్పకుండా వస్తాయి. పాత చందమామల్లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, రష్యన్ పిల్లల కథలు, టోటోచాన్ చదువుకున్న ‘రైలుబడి’, వాటి పక్కనే ‘జంగిల్ బుక్’. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరు అడిగి తీసుకుంటారు. అట్టలు ఊడిపోయేదాకా ఆ పుస్తకాలు బడి నుంచి బడికి తిరుగుతూనే ఉంటాయి. ఇది మంచి అలవాటు. కొత్త పుస్తకాలు కొనే డబ్బు లేని బడులకు ఈ చేబదులే లైబ్రరీ.

వీటిలో జంగిల్ బుక్ గురించి మాత్రమే ఇక్కడ మాట్లాడుకుందాం. అది మన అడవి పుస్తకం కాబట్టి. ఆ పుస్తకమంటే మాకు ఇష్టం. పిల్లలకు ఇస్తాం. అయితే దాన్ని ఒంటరిగా ఇవ్వకూడదని మా మాట.

ముందు ఇష్టం ఎందుకో చెప్పాలి. రడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు. మోగ్లీ కథలను అమెరికాలోని వెర్మాంట్‌లో కూర్చొని రాశాడు. మొదటి పుస్తకం 1894లో, రెండోది 1895లో వచ్చాయి. 1990 దశకంలో దూరదర్శన్‌లో కార్టూన్‌గా వచ్చినప్పుడు గూడెంలో టీవీ ఉన్న ఒక్క ఇంటి ముందు మేమూ నిలబడి చూశాం. కానీ కార్టూన్ వేరు, పుస్తకం వేరు. పుస్తకంలో బలూ అనే ఎలుగుబంటి మోగ్లీకి అడవి ధర్మం నేర్పుతాడు. ఏ జంతువు ఇలాకాలోకి వెళ్తే దాని భాషలో ఏం చెప్పాలో, వేటకు ముందు అనుమతి ఎలా అడగాలో వల్లె వేయిస్తాడు. మా పిల్లలు ఇక్కడ నవ్వుతారు. ఇప్పపూలు రాలే కాలంలో ఎలుగు ఎదురైతే చెట్టు చాటుకు పోవాలని తెలిసిన పిల్లలు కదా! ‘ఎలుగు పంతులు ఎట్ల అయితది సార్?’ అంటారు. అయినా ఒకరి ఇలాకాలోకి పోతే అడిగి పోవాలన్న మాట వాళ్లకు కొత్త కాదు. పొలిమేర దేవతకు మొక్కకుండా మన పెద్దలు అడవిలో అడుగు పెట్టరు.

ఇంకో కారణం లోతైనది. మోగ్లీని తోడేళ్లు పెంచుతాయి. పెద్దయ్యాక ఆ మందే వెళ్లిపొమ్మంటుంది. ఊరికి పోతే కొన్నాళ్లకు ఊరివాళ్లు మంత్రగాడని రాళ్లు వేస్తారు. అటూ కాని, ఇటూ కాని ఆ పిల్లవాడి బాధను కిప్లింగ్ చాలా బాగా రాశాడు. ఆరేళ్లకే ఇల్లు వదిలి ఆశ్రమ పాఠశాలకు వచ్చి, గోండీయో కోలామీయో లోపల దాచుకొని తెలుగులో బదులు చెప్పే పిల్లలకు ఈ బాధ వివరించక్కర్లేదు. సెలవులకు ఇంటికి పోతే ‘పట్నం మాట వచ్చింది’ అంటారు. బడికి వస్తే ‘అడవి మాట పోలేదు’ అంటారు. మోగ్లీని మా పిల్లలు దగ్గరికి తీసుకునేది అక్కడే.

ఇప్పుడు మోగ్లీ అడవి ఎక్కడుందో చూద్దాం. కథల్లో దాని పేరు సియోనీ కొండలు. అవి నేటి మధ్యప్రదేశ్‌లోని సియోనీ జిల్లాలో ఉన్నాయి. అక్కడ పారే నది వైన్‌గంగ. షేర్‌ఖాన్ అనే పులి తిరిగేది ఆ నది ఒడ్డునే. ఆ వైన్‌గంగ కిందికి వచ్చి వార్ధా నదితో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత మన కుమ్రం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాల సరిహద్దు మీదుగా పారి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే మోగ్లీ ఈతకొట్టిన నీళ్లే మన గడప ముందుకు వస్తున్నాయి. సియోనీ నుంచి ఇక్కడిదాకా ఉన్నది గోండుల నేల. భూగోళం పాఠంలో ఈ నదిని గీయిస్తూ మోగ్లీ పేరు చెప్పి చూడండి, పటం మీద పిల్లల వేలు ఆగదు.

అప్పుడు వచ్చే ప్రశ్న సహజమైనది. గోండుల నేల మీద జరిగిన కథలో గోండులు ఏరి?

ఉన్నారు. రెండు చోట్ల గుర్తుండేలా కనిపిస్తారు. అవి రెండూ రెండో పుస్తకంలోనివే. మేము చూసిన సంక్షిప్త తెలుగు ప్రతుల్లో ఆ కథలు లేవు, అందుకే చాలామందికి తెలియదు.

మొదటిది రాజుగారి అంకుశం కథ. పాడుబడ్డ నగరం కింద నిధిని కాపాడే ముసలి తెల్లనాగు దగ్గర నుంచి మోగ్లీ రత్నాలు పొదిగిన అంకుశం ఒకటి తెస్తాడు. తనకు పనికిరాదని పారేస్తాడు. దాన్ని ఎవరో మనిషి ఎత్తుకుపోతాడు. మోగ్లీ, బఘీరా అడుగుజాడలు చూసుకుంటూ వెళ్తారు. ఒక పెద్ద పాదం జాడ, దాని వెంట ఒక చిన్న పాదం జాడ. చిన్న పాదం గోండు వేటగాడిది. అంకుశం కోసం అతను చిన్న బాణంతో మొదటివాణ్ణి చంపుతాడు. తర్వాత అతన్నీ ఇంకొందరు చంపుతారు. ఒక్క రాత్రిలో ఆరుగురు పోతారు. ఆశ మనిషిని ఎలా తింటుందో చెప్పే గట్టి కథ ఇది. కానీ ఇందులో గోండు ఒక పాదముద్ర, ఒక బాణం, ఒక శవం. అంతే. బతికి ఉండగా ఒక్క మాట మాట్లాడడు. బంగారం, రత్నాల కోసం అడవిలోకి వచ్చింది ఎవరో చరిత్ర చదివిన మనకు తెలుసు. ఆ ఆశను అడవి మనిషి మీద కూడా సమానంగా పంచి పెట్టడం కిప్లింగ్‌కు సులభమైంది.

రెండోది ఊరి మీదికి అడవిని తోలే కథ. మోగ్లీని పెంచిన తల్లి మెస్సువాను, ఆమె భర్తను మంత్రగాళ్లని కట్టేసిన ఊరి మీదికి మోగ్లీ ఏనుగులను, జింకలను, పందులను పంపిస్తాడు. పంటలు పోతాయి. దిక్కుతోచని ఊరివాళ్లు దగ్గరి అడవిలోని గోండు పెద్దను పిలిపిస్తారు. ఇక్కడ కిప్లింగ్ ఒక నిజం రాశాడు. ఈ గోండులు దేశంలో అందరికన్నా పాతవారనీ ఈ నేలకు తొలి హక్కుదారులనీ స్పష్టంగా ఒప్పుకున్నాడు. పెద్ద ఏమీ మాట్లాడడు. కాకర తీగ ఒకటి తీసి గుడి తలుపుకు అడ్డంగా అల్లుతాడు. ఊరు విడిచి పొమ్మన్నట్టు చేత్తో దారి చూపిస్తాడు. తన అడవికి తాను వెళ్లిపోతాడు. ఊరంతటిలో జరుగుతున్నది అర్థమైన మనిషి అతను ఒక్కడే.

ఇంత గొప్ప దృశ్యం రాసి, వెంటనే కిప్లింగ్ ఒక వాక్యంతో దాన్ని పాడు చేశాడు. అడవి కదిలితే ఆపగలిగేది తెల్లవాళ్లు మాత్రమే అన్న సంగతి ఆ గోండుకు తెలుసట! నేలకు తొలి హక్కుదారు అన్న మనిషి బుర్రలోనే తెల్లదొర గొప్పతనాన్ని పెట్టాడు. ఎలుగుకు పేజీల కొద్దీ ఉపన్యాసాలు, కొండచిలువకు పేరు, ముసలి నాగుకు సొంత చరిత్ర ఇచ్చిన రచయిత గోండు పెద్దకు పేరు ఇవ్వలేదు, మాట ఇవ్వలేదు, ఆలోచన మాత్రం తనది ఇచ్చాడు.

మోగ్లీ చివరికి ఏమయ్యాడో తెలిస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. జంగిల్ బుక్ కన్నా ముందే, 1893లో వచ్చిన ఒక కథలో కిప్లింగ్ మోగ్లీని పెద్దవాడిగా చూపించాడు. అందులో తెల్ల అధికారి అతనికి అటవీశాఖలో గార్డు ఉద్యోగం ఇస్తాడు. ఊరివాళ్ల మేకలను అనుమతి లేనప్పుడు అడవిలో నుంచి తోలెయ్యడం, పులుల కదలికలు చెప్పడం, మంటలు లేస్తే కబురు అందించడం అతని పని. నెలకు జీతం, చివర పింఛను. ఇంగ్లీషు పాఠకుడికి ఇది సుఖాంతం. మనకు? 1878 అటవీ చట్టంతో బ్రిటిష్ పాలనలోని అడవులు రిజర్వు అయ్యాయి. నిజాం ఇలాకాలోనూ అదే దారి. మేకలు తోలేసిన గార్డు కథ మన గూడేల్లో ముసలివాళ్లను అడిగితే ఇంకో వైపు నుంచి చెబుతారు. జోడేఘాట్‌లో కుమ్రం భీం 1940లో ప్రాణం ఇచ్చింది ఆ ఇంకో వైపు నిలబడే. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా ఆ వైపుకు కాగితం మీద చోటు దొరకలేదు.

అయితే ఈ పుస్తకాన్ని అలమారలో నుంచి తీసేద్దామా? తీసేయమనే మిత్రులున్నారు. సామ్రాజ్యాన్ని మోసిన రచయిత మన పిల్లలకు ఎందుకు అంటారు. పిల్లల కథల్లోకి ఇవన్నీ ఎందుకు లాగుతారు అనేవాళ్లూ ఉన్నారు. మేము ఇద్దరి మాటా ఒప్పుకోలేం. తీసేస్తే కార్టూన్ ఎలాగూ వస్తుంది, అందులో గోండు అసలే లేడు. ఊరికే వదిలేస్తే అడవిలో జంతువులు, తెల్లదొరలు, తోడేళ్లు పెంచిన ఒక పిల్లవాడు తప్ప మనుషులే లేరని మన పిల్లలే నమ్ముతారు. ఖాళీ అడవి అన్న ఆ ఊహే మనల్ని అడవిలో నుంచి వెళ్లగొట్టడానికి ఎన్నోసార్లు పనికొచ్చింది.

అందుకే పక్కన ఇంకో పుస్తకం పెట్టాలి. అది ఉంది కూడా. మధ్యప్రదేశ్‌లోని పటన్‌గఢ్‌కు చెందిన పర్ధాన్ గోండు చిత్రకారుడు భజ్జు శ్యామ్ 2002లో లండన్ వెళ్లాడు. ఒక హోటల్ గోడల మీద బొమ్మలు వేసే పని. తిరిగి వచ్చాక తాను చూసిన లండన్‌ను బొమ్మలుగా వేశాడు. ఆ పుస్తకం ‘లండన్ జంగిల్ బుక్’. చెన్నైలోని తారా బుక్స్ 2004లో అచ్చువేసింది. అందులో విమానం ఎగిరే ఏనుగు. భూమి కింద పోయే రైలు వానపాము. రోజూ ఎక్కిన బస్సు నమ్మకమైన కుక్క. బిగ్ బెన్ గడియారం తెల్లవారుజామున కూసే కోడిపుంజు. రాత్రిపూట బయటికొచ్చే ఇంగ్లీషువాళ్లు గబ్బిలాలు. ఎగతాళి ఎక్కడా లేదు. కొత్త ఊరిని తనకు తెలిసిన ప్రాణులతో అర్థం చేసుకున్నాడు, అంతే. వందేళ్లు మన అడవిని వాళ్లు రాస్తే చదివాం. ఇప్పుడు వాళ్ల నగరాన్ని మనవాడు గీశాడు.

అదే భజ్జు శ్యామ్, దుర్గాబాయి వ్యామ్, రాంసింగ్ ఉర్వేతీ కలిసి వేసిన రాత్రి చెట్ల పుస్తకం కూడా తారా బుక్స్‌దే. నల్ల కాగితం మీద చేత్తో అచ్చువేసిన ఆ పుస్తకానికి 2008లో ఇటలీలోని బొలోన్యా పిల్లల పుస్తకాల పండుగలో బహుమతి వచ్చింది. ధర ఎక్కువే. ఐదు బడులు కలిసి ఒక్క ప్రతి కొని తిప్పుకోవచ్చు. బొమ్మలకు భాష అడ్డం కాదు, మాటలు మనం గోండీలోనే చెప్పుకుందాం.

మూడో పుస్తకం మన ఇంట్లోనే ఉంది. పర్ధాన్లు కిక్రి వాయిస్తూ చెప్పే లింగో కథ. గోండులు గుహలో బందీలయ్యారు. వాళ్లను విడిపించాలంటే సముద్రం దగ్గరి బిందో అనే పెద్ద పక్షి పిల్లలను తెమ్మన్నాడు మహాదేవుడు. లింగో వెళ్లేసరికి పెద్ద పక్షులు మేతకు పోయాయి, పిల్లలను మింగడానికి సముద్రపు పాము పైకి వస్తోంది. లింగో బాణాలతో దాన్ని చంపాడు. తిరిగి వచ్చిన పక్షులు కృతజ్ఞతతో అతన్ని రెక్కల మీద మోసుకొచ్చాయి. ఈ కథ ఒక రూపం 1866లోనే హిస్లాప్ అనే మిషనరీ రాతల్లో అచ్చయింది. మాంత్రిక కథలకు ఏం కావాలి? గుహ, పెద్ద పక్షి, సముద్రపు పాము, సాహసం. అన్నీ ఉన్నాయి. మా బడి అలమారలో మాత్రం ఇంకా బొమ్మల పుస్తకంగా లేదు. ఈ పని చేయగల యువకులు ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలోనే ఉన్నారని మా నమ్మకం.

తరగతిలో మేము చేస్తున్నది చిన్నదే. కాకర తీగ కథను తెలుగులో చెబుతాం. గోండు పెద్ద దగ్గర ఆగుతాం. ఆయన ఏమీ మాట్లాడలేదు, మీరు మాట్లాడించండి అంటాం. ఏ భాషలోనైనా సరే. ఒక పాప అతనికి తన తాత పేరు పెట్టింది. ఒక బాబు ఆయన చేత ‘మీరు వచ్చేటప్పుడు అడగలేదు, పోయేటప్పుడు నన్ను అడుగుతున్నారు’ అనిపించాడు. కిప్లింగ్ రాసిన తెల్లవాళ్ల మాట ఒక్కరూ రాయలేదు. అందులో నేర్పిన గొప్ప మాకేం లేదు. ఆ పిల్లలకు ఆ పెద్ద తెలుసు, అంతే.

కాబట్టి తోటి టీచర్‌కు జంగిల్ బుక్ ఇచ్చినప్పుడు లండన్ జంగిల్ బుక్ పేరు కూడా చెప్పండి. పిల్లలకు మోగ్లీని చదివి వినిపించిన వారంలోనే ఇంటి నుంచి ఒక కథ మోసుకు రమ్మనండి. వాళ్లు తెచ్చిన కథను నోటుబుక్కులో రాయించి, బొమ్మ వేయించి, కుట్టి అదే అలమారలో పెట్టండి. తర్వాతి సంవత్సరం వచ్చే పిల్ల చేతికి మూడూ అందాలి.