రామప్ప గుడి: ఎవరి పేరు?

ఆలయశిల్పం విషయంలో మన విమర్శకుల్లో రెండు ధోరణులు కనిపిస్తాయి. గుడి అనగానే భక్తిలో పడి రాతిని మరచిపోవడం ఒకటి. భూస్వామ్య ప్రభువుల ఆడంబరమని ఒక్కమాటతో కొట్టిపారేయడం రెండోది. రెండింటిలోనూ శ్రమకు చోటు లేదు.

పాలంపేట గుడిని కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. దేవునికి తన పేరే పెట్టి రుద్రేశ్వరుడన్నాడు. శాసనంలో దాత వంశకీర్తి ఉంది, దేవునికిచ్చిన ఊళ్ళున్నాయి. రాయి చెక్కినవాడి పేరు లేదు. జనం మాత్రం గుడినీ చెరువునూ రామప్ప పేరుతోనే పిలుస్తున్నారు. రామప్ప ప్రధానశిల్పి అని వాడుక. శాసనం విస్మరించినవాణ్ణి ప్రజలు బతికించుకున్నారని మనవాళ్ళు మురిసిపోతారు. ఆ మురిపానికి ఆధారం చాలదు. లోపలి దేవుణ్ణి రామలింగేశ్వరుడనీ అంటారు. పేరు అటునుంచీ వచ్చి ఉండవచ్చు. పైగా వందల చేతుల పనిని ఒక్క రామప్పకు కట్టబెడితే, సేనానిని దించి మరో వీరుణ్ణి అదే పీఠం మీద కూర్చోబెట్టినట్టే.

గుడిని చూస్తే ఆ చేతులు తెలుస్తాయి. పునాదిలో ఇసుక నింపి ఇంత బరువు నిలిపినవారున్నారు. నీటిపై తేలేంత తేలిక ఇటుకలు కాల్చి శిఖరం భారం తగ్గించినవారున్నారు. గోడలకు ఎర్రని ఇసుకరాయి, మదనికలకు నల్లని గట్టిరాయి ఎంచి, అద్దంలా నునుపు తేల్చినవారున్నారు. ఏ దేవుణ్ణి ఎక్కడ నిలపాలో శాస్త్రం చెప్పింది, దాత ఆజ్ఞాపించాడు. కాని మద్దెల వాయించేవాడి భుజం వంపు, నాగిని నడుము విరుపు మాత్రం చూసిన కన్నూ చెక్కిన చెయ్యీ ఇచ్చినవే. అక్కడ శిల్పి స్వతంత్రుడు.

ఆ స్వతంత్రతకు హద్దూ ఉంది. పనివాళ్ళకు కూడు పెట్టిన సొమ్ము రైతు పండించినదే. గుడిని మెచ్చుకునేటప్పుడు ఈ లెక్క మరచిపోరాదు. అదే కాలపు చెరువు నేటికీ పొలాలకు నీరిస్తున్నదనీ మరచిపోరాదు.

2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ‘కాకతీయ రుద్రేశ్వర’ అన్నది ముందు వచ్చింది, ‘రామప్ప’ కుండలీకరణాల్లోకి వెళ్ళింది. ఎనిమిది వందల ఏళ్ళ తరువాతా దాతకే అగ్రతాంబూలం!

సికింద్రాబాద్ బడుల నుంచి విహారయాత్రకు వెళ్ళే పిల్లలు ‘ఎవరు కట్టారు?’ అని అడిగితే, రుద్రుడు కట్టించాడని చెబుదాం. కట్టినవారి పేర్లు రాయలేదని కూడా చెబుదాం. ఆ తరువాత ఇటుకనూ ఇసుకనూ చూపిద్దాం.